తొట్టి, ధార, చెంబు

ఇల్లు బాగుచేయించేటప్పుడు హాలు గోడకు వేసిన రంగు నచ్చకపోతే మళ్ళీ వేయించుకోవచ్చు. కిటికీ పాతబడితే ఊడదీసి కొత్తది పెట్టుకోవచ్చు. బాత్రూంతో ఆ ఆటలు సాగవు. గోడలో పూడ్చిన గొట్టాలు, నేల కింది నహాని ట్రాపు, వాటి మీద వాటర్ ప్రూఫింగ్ పూత, ఆపైన టైల్స్. ఇందులో ఏది కదిలించాలన్నా సుత్తి అందుకోవలసిందే. అందుకే నెల్లూరు టైల్స్ షాపులో కుర్రవాడు క్యాటలాగు తిరగేస్తూ "టబ్బు పెట్టిస్తారా సార్, షవరేనా?" అని అడిగినప్పుడు ఎంత ఆరితేరిన ఇంటాయనైనా ఓ క్షణం తడుముకుంటాడు. క్యాటలాగులో ఉన్నవి ఆ రెండు జవాబులే. సంగం నుంచి ఆత్మకూరు మీదుగా ఉదయగిరి దాకా ఏ ఇంటి తలుపు తీసినా మూడో జవాబు బకెట్టూ మగ్గూ రూపంలో రోజూ పనిచేస్తూ కనిపిస్తుంది. దాన్ని లెక్కలోకి తీసుకోకుండా మిగతా రెండింటి మధ్య తీర్పు చెప్పడం ఈ ప్రాంతంలో చెల్లదు.

ఈ ప్రాంతం అనడంలోనూ ఒక చిక్కుంది. నెల్లూరు జిల్లా ఒకటే గానీ నీళ్ళు ఒకటి కావు. సంగం దగ్గర పెన్న మీద 1880లలోనే ఆనకట్ట వచ్చింది. అక్కడ మళ్ళిన నీళ్ళు కనిగిరి రిజర్వాయరు చేరి డెల్టా మాగాణిని పండించాయి. ఆ పాత ఆనకట్టకు బదులుగా కట్టిన బ్యారేజీని 2022 సెప్టెంబరు 6న ప్రారంభించి, అదే ఏడాది ఫిబ్రవరిలో కన్నుమూసిన ఆత్మకూరు శాసనసభ్యుడు, మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి పేరు పెట్టారు. ఎగువన 78 టీఎంసీల సోమశిల జలాశయం ఉంది. కాలవ పారే పల్లెల్లో బావి అడుగున నీళ్ళు ఉంటాయన్న ధీమా మనిషి నడకలోనే తెలుస్తుంది. ఆత్మకూరు దాటి ఉదయగిరి కొండ కనబడే వైపు పోయేకొద్దీ నేల మెట్ట అవుతుంది, బోరు లోతవుతుంది, నీళ్ళు చవుడవుతాయి, ఫ్లోరైడ్ మాట వినబడుతుంది. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి వైద్యులు మొదటిసారి పత్రికకెక్కించింది 1937లో, నాటి నెల్లూరు జిల్లా పల్లెల జనాన్ని చూసే. ఆ పల్లెలు తర్వాత 1970లో ఏర్పడ్డ ప్రకాశం జిల్లాలోకి పోయాయి గానీ, రాళ్ళకు జిల్లా సరిహద్దులు తెలియవు కదా. ఫ్లోరైడ్ నీళ్ళు ఒంటి మీద పోసుకుంటే భయమేమీ లేదు. తాగితేనే, వంటకు వాడితేనే ముప్పు. అయినా తాగే నీళ్ళను 20 లీటర్ల క్యాన్లలో కొని మోసుకొచ్చే ఇంట్లో నీటి కొలత అంకెగా కాదు, భుజం నొప్పిగా తెలుస్తుంది. ఒక క్యానంటే ఒక బకెట్టు. అట్లాంటి ఇంటికి టబ్బూ షవరూ గురించి చెప్పేటప్పుడు ఎన్ని క్యాన్లో చెప్పకపోతే ఆ మాట వాళ్ళకు ఎక్కదు.

ముందుగా టబ్బు. దీన్ని రెండు మాటల్లో కొట్టిపారేయవచ్చని తోస్తుంది. అంత తేలిక కాదు. తొట్టిలో కూర్చుని చేసే స్నానం మనకు సినిమాలతో వచ్చిన సరదా కాదు. జర్మనీ ప్రకృతి వైద్యుడు లూయీ కూనే పుస్తకం 1894లోనే తెలుగులోకి వచ్చింది. ఆయన చెప్పిన కటిస్నానాన్ని దక్షిణాఫ్రికాలో ఉన్న రోజుల్లో గాంధీ పట్టుగా సాధన చేశారు (ఆ గాంధీయే 1921 ఏప్రిల్ 7న సంగానికి దిగువన, ఇదే పెన్న ఒడ్డున పల్లిపాడులో ఆశ్రమాన్ని ప్రారంభించారు). ప్రకృతి చికిత్సాలయాలు తెలుగునేల మీద ఈనాటికీ నడుస్తున్నాయి, వాటిలో తొట్లూ ఉన్నాయి. మొలల బాధకు గోరువెచ్చని నీళ్ళలో పావుగంట కూర్చోమని ఇంగ్లీషు వైద్యం చదివిన డాక్టరు కూడా చెబుతాడు. కాబట్టి నీళ్ళలో కూర్చోవడం వల్ల ఒంటికి సుఖం ఉందా అంటే ఉంది. అయితే ఆ సుఖానికి నడుము మునిగే చిన్న తొట్టి చాలు. పని అయ్యాక దాన్ని గోడకు ఆనించి బోర్లించవచ్చు. నేలలో పాతుకుపోయిన ఐదున్నర అడుగుల టబ్బు అదనంగా ఏమిస్తుందన్నదే అసలు ప్రశ్న.

అది అదనంగా ఇచ్చేది బరువు, ఖర్చు. మెడ దాకా మునగాలంటే 150 లీటర్లకు తక్కువ పట్టవు, అంటే ఏడెనిమిది క్యాన్లు. నలుగురున్న ఇంట్లో తలా ఒకసారి మునిగితే 600 లీటర్లు, డాబా మీది వెయ్యి లీటర్ల ట్యాంకులో సగం పైగా ఖాళీ. పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు అందించాలన్నది 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ లెక్క. తాగడం, వండడం, ఉతకడం, కడగడం అన్నీ అందులోనే. ఒక్క టబ్బు స్నానం దాదాపు మూడు రోజుల వాటా మింగేస్తుంది. వేడినీళ్ళ సంగతి చూద్దాం. పుష్యమాసం చలిలో 25 డిగ్రీల నీళ్ళను 40 డిగ్రీలకు తేవాలంటే 150 లీటర్లకు రెండున్నర యూనిట్ల పైన కరెంటు కావాలి. 15 లీటర్ల గీజరు 60 డిగ్రీలకు కాచిన నీళ్ళను చన్నీళ్ళతో కలిపితే వచ్చేది ఇంచుమించు 35 లీటర్లు. అంటే టబ్బు నిండేలోగా గీజరు నాలుగైదుసార్లు కాగాలి. నాలుగోసారి కాగేసరికి మొదట పోసినవి చల్లారతాయి.

బరువు సంగతి మేస్త్రులు చెప్పరు, మనం అడగం. ఇళ్ళలో శ్లాబును లెక్కగట్టేది చదరపు మీటరుకు సుమారు 200 కిలోల రాకపోకల బరువుకు. టబ్బు ఆక్రమించే జాగా అటూ ఇటూగా ఒకటింపావు చదరపు మీటరు. నిండా నీళ్ళు, లోపల మనిషి, టబ్బు బరువు కలిస్తే 250 కిలోలు ఎక్కడికీ పోవు. కొత్త కాంక్రీటు శ్లాబుకు అది గీత మీద నడక. దూలాల మీద ఇటుక పేర్చి కట్టిన పాత మిద్దె పైనైతే ఇంజనీరును అడగకుండా ఆ ఊసే ఎత్తవద్దు.

వీటన్నిటికన్నా గట్టి అభ్యంతరం మన పెద్దవాళ్ళ దగ్గరుంది. ఒంటి మురికి దిగిన నీళ్ళలోనే కూర్చుంటే శుభ్రం ఎట్లా అవుతుందని వాళ్ళడుగుతారు. నవ్వేయకండి. జపాను వాళ్ళదీ ఇదే పట్టుదల. వాళ్ళు బయట చిన్న పీట మీద కూర్చుని, చిన్న పాత్రతో నీళ్ళు పోసుకుని, సబ్బు మొత్తం కడుక్కున్నాకే తొట్టిలో దిగుతారు. తొట్టి ఒళ్ళు సేదదీరడానికి, శుభ్రపడటానికి కాదు. అందుకే ఇంటిల్లిపాదీ ఒకరి తర్వాత ఒకరు అవే నీళ్ళలో దిగగలుగుతారు. మన పాత స్నానాల గదుల్లోనూ తొట్టి ఉండేది. గోడవారన సిమెంటుతో కట్టిన, ఏ చీకటి వేళో నీళ్ళు వచ్చినప్పుడు నింపిపెట్టుకున్న తొట్టి. దాంట్లో చెంబు మునిగేది తప్ప మనిషి మునిగేవాడు కాదు. పక్కన కడప బండ, బండ మీద పీట. జపాను ఇంటికీ ఆత్మకూరు ఇంటికీ మొదటి సగం ఒక్కటే. రెండో సగానికి కావలసిన చలి మన దగ్గర లేదు. టబ్బు అక్కడ రాణించి ఇక్కడ వెలవెలబోవడానికి నాకు తోచే కారణం అదే.

బెంగళూరులోనో డాలస్‌లోనో ఉన్న కొడుకు ఊళ్ళో ఇల్లు బాగుచేయిస్తూ ఫోనులో "కాళ్ళనొప్పులు కదమ్మా, టబ్బు పెట్టిస్తా, వేణ్ణీళ్ళలో కూర్చో" అంటాడు. ప్రేమే, కాదనలేం. "ఎక్కేదెట్టా నాయనా? ఎక్కితే దిగేదెట్టా?" అంటుంది తల్లి. వాదం ముగిసింది. మోకాళ్ళు అరిగిన మనిషి తడికాలితో అర గజం గోడ దాటాలి, జారే అడుగు మీద కూర్చోవాలి, మళ్ళీ లేవాలి. టబ్బు ఎవరి కోసమని చెబుతారో వాళ్ళకే అది ఎక్కువ ప్రమాదం. అట్లా పెట్టించిన టబ్బులు చివరికి ఉతకాల్సిన దుప్పట్లకో, నీళ్ళు రాని రోజు కోసం నిలవకో పనికొస్తాయి. రెండో ఉపయోగాన్ని తక్కువ చేయను. ఆ రకంగా అది మళ్ళీ మన పాత సిమెంటు తొట్టే అవుతుంది, ధర మాత్రం చాలా ఎక్కువ.

షవరు విషయంలో తీర్పు ఇంత సులువుగా రాదు. దాని మేలు మొదట ఒప్పుకోవాలి. పారే నీళ్ళు మురికిని పట్టుకెళతాయి, జాగా తక్కువ పడుతుంది, వంగనక్కర్లేదు, కూర్చోనక్కర్లేదు. పొలం నుంచో దుమ్ములో బస్సు దిగో వచ్చినవాడికి తలమీది నుంచి కాలిదాకా ధార కారితే దొరికే హాయికి చెంబు సాటి రాదు. పెన్నలో నిండుగా నీళ్ళున్న రోజుల్లో ఈతకొట్టినవాళ్ళు పారే నీటి రుచి మరచిపోలేరు.

అయితే షోరూంలో చూసిన ధార ఇంట్లో రాదు. కారణం ఎత్తు. పది మీటర్ల ఎత్తులో ట్యాంకు ఉంటే కింద ఒక బార్ ఒత్తిడి వస్తుంది. మన ఇళ్ళలో ట్యాంకు డాబా మీద గజం ఎత్తు దిమ్మె మీదుంటుంది. షవరు తల నేలకు ఏడడుగుల పైన ఉంటుంది. ట్యాంకు కిందనే ఉన్న అంతస్తు బాత్రూంలో ఆ రెండింటి మధ్య తేడా మహా అయితే మూడు మీటర్లు, అంటే పావు బార్‌కు కాస్త పైన. క్యాటలాగులోని పళ్ళెమంత వానషవరు ఒక బార్ ఒత్తిడి ఉంటే వానలా కురుస్తుంది. పావు బార్‌కు చూరు నీళ్ళలా చుక్కలు రాలుస్తుంది. వంటింట్లో ఎవరో కొళాయి తిప్పితే అదీ సన్నగిల్లుతుంది. ఒత్తిడి పెంచే పంపు పెట్టించవచ్చు. కరెంటు పోయినప్పుడు తలనిండా సబ్బునురగతో నిలబడే అనుభవం కూడా దాంతో పాటే వస్తుంది.

ఇక్కడో తమాషా ఉంది. షవరు నీళ్ళు దండగ అని అందరం అంటాం. అమెరికాలో 1994 నుంచి షవరు తల నిమిషానికి రెండున్నర గ్యాలన్లు, అంటే తొమ్మిదిన్నర లీటర్లు దాటకూడదన్న చట్టముంది. అది వాళ్ళ పొదుపు! ఆ పొదుపుతోనే ఎనిమిది నిమిషాలు నిలబడితే 75 లీటర్లు, మన 55 లీటర్ల రోజువారీ లెక్క దాటిపోయింది. మనం తిట్టుకునే నీరసపు షవరు నిమిషానికి నాలుగైదు లీటర్లు కారుస్తుంది. తడవడానికి ఒక నిమిషం, సబ్బు రుద్దుకునేటప్పుడు కట్టేసి, కడుక్కోవడానికి మూడు నిమిషాలు అనుకుంటే 20 లీటర్లే. ఒక బకెట్టు, ఒక క్యాను. నీళ్ళు వృథా చేసేది షవరు కాదు, ఒత్తిడీ తీరికా కలిస్తేనే వృథా. అందుచేత పంపు కొనే ముందు ఆలోచించండి. దానికి పెట్టే డబ్బు ఎక్కువ నీళ్ళు పారబోయడానికి పెట్టే డబ్బే. చిన్న తల, సన్నని రంధ్రాలు ఉన్న షవరు తెచ్చుకుంటే ఆ కొద్ది ఒత్తిడిలోనే ధార గుచ్చినట్టు వస్తుంది.

సన్నని రంధ్రాలంటే మాత్రం మెట్టప్రాంతం వాళ్ళు భయపడాలి. తాగునీటి ప్రమాణాల ప్రకారం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, వేరే దారి లేకపోతే 600 దాకా సరిపెట్టుకోవచ్చు. సబ్బు నురగ రాక విరిగినట్టయ్యే నీళ్ళ ఊళ్ళవాళ్ళకు ఈ అంకెలతో పని లేదు, బకెట్టు లోపలి తెల్లగార చాలు. ఆ గారే షవరు రంధ్రాల్లో కూర్చుంటుంది. కొన్ని నెలలకే ధారలు అడ్డదిడ్డంగా గోడమీదికీ తలుపుమీదికీ చిమ్ముతాయి, ఆ తర్వాత మూసుకుపోతాయి. విప్పి రాత్రంతా నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో నానబెట్టాలి. రబ్బరు ముక్కులున్న షవరైతే బొటనవేలితో రుద్దినా పెచ్చు రాలుతుంది. గీజరు లోపల కడ్డీకీ ఇదే గార పడుతుంది, కరెంటు ఎక్కువ తాగి తక్కువ కాస్తుంది. బకెట్టుకూ గార పడుతుంది గానీ, పీచుతో తోమితే పోతుంది, పోకపోతే శుక్రవారం సంతలో ఇంకొకటి. ఈ ఒక్క విషయంలో బకెట్టు గెలుపు తిరుగులేనిది: అందులో చెడిపోవడానికి ఏమీ లేదు.

మగవాళ్ళు రాసే బాత్రూం వ్యాసాల్లో కనబడని సంగతి ఒకటుంది. మన ఆడవాళ్ళు రోజూ తలస్నానం చేయరు. చేసేది వారానికి ఒకటి రెండుసార్లు, మిగతా రోజుల్లో ఒంటిస్నానమే. గోడకు ఏడడుగుల ఎత్తున బిగించిన షవరు రోజూ తల తడుపుకునే మనిషి కోసం తయారైంది. దాని కింద జుట్టు తడవకుండా స్నానం చేయాలంటే ప్లాస్టిక్ టోపీ పెట్టుకోవాలి, లేదా మెడ వంచి గోడ పట్టుకుని విన్యాసాలు చేయాలి. ఇంట్లో సగం మందికి వారంలో ఐదు రోజులు పనికిరాని వస్తువును "ఆధునికం" అనడం నాకు వింతగా ఉంటుంది. మరో పక్కన, తలంటుకున్న రోజు కుంకుడు రసమో శీకాయో పోయేదాకా పొడుగు జుట్టు కడగడానికి చెంబుతో తల్లి సాయం లేనిదే కుదరదు. అక్కడ ధారదే పైచేయి. అంటే కావలసింది ధారే, గోడకు కట్టేసిన ధార కాదు.

ఎండ సంగతి కూడా చెప్పాలి. ఈ వైపు మే నెలలో 43, 44 డిగ్రీలు మామూలే. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం డాబా మీది నల్లట్యాంకు నీళ్ళు చెయ్యి పెట్టనివ్వవు. చన్నీళ్ళ కొళాయి తిప్పినా వేణ్ణీళ్ళే. మనిషికి స్నానం అత్యంత అవసరమైన ఆ ఘడియలోనే షవరు చేతులెత్తేస్తుంది. తెల్లవారుజామున పట్టి నీడన పెట్టిన బకెట్టు నీళ్ళు ఆ పూట అమృతం. నీళ్ళను కాలంలో ముందుకు జరిపి దాచుకోగలగడం నిలవకున్న గుణం, ధారకు అది లేదు. అట్లాంటి వస్తువును మన వేసవి ఎదురుగా నిలబెట్టి పరీక్షించకుండా కొనడం తెలివితక్కువ.

చెంబు పక్షాన ఇంకా చెప్పుకోవలసినవి ఉన్నాయి. పసిబిడ్డ స్నానం చూడండి. అమ్మమ్మ పీట మీద కూర్చుని కాళ్ళు చాపుకుంటుంది. ఆ కాళ్ళ మీద బిడ్డను బోర్లా పడుకోబెట్టి, నూనె రాసి, నలుగు పెట్టి, మోచేత్తో వేడి చూసి, చెంబు నీళ్ళు సన్నగా వీపు మీదికి వంచుతుంది. దీనికి కావలసింది చాపుకున్న కాళ్ళంత నేల, చేతికందే వేడినీళ్ళు. మూడడుగుల షవరు గాజు అరలో ఈ పని జరగదు. పెళ్ళికూతురికి నలుగూ మంగళస్నానమూ, దీపావళి తెల్లవారుజాము తలంట్లూ అంతే. ఒకరు కూర్చుంటే మరొకరు పోస్తారు. షవరు ఒంటరి మనిషి సరంజామా. అంత్యక్రియల నుంచి వచ్చినవాళ్ళు ఇంట్లోకి రాకుండా బట్టలతోనే నీళ్ళు పోసుకోవలసి వచ్చినప్పుడు లోపలి బాత్రూం ఎంత ఖరీదైనదైతే ఏమిటి, పెరట్లో కొళాయి కావాలి. ఇల్లు బాగుచేయించే హడావిడిలో మొదట తీసిపారేసేది ఆ పెరటి కొళాయినే. తీయించకండి. పక్కనున్న అరటిచెట్టూ మీకు రుణపడి ఉంటుంది.

ఇంత చెప్పాక చెంబుకు హారతి పట్టడం నా ఉద్దేశం కాదు. దాని లోపాలు చిన్నవేమీ కావు. 20 లీటర్ల బకెట్టు 20 కిలోలు. పొయ్యి దగ్గర నుంచో గీజరు కొళాయి నుంచో దాన్ని తడినేల మీద ఈడ్చడం నడుముకు చేటు. చిన్న పీట మీద కూర్చోవడం కన్నా లేవడం కష్టం, అరవై దాటినవాళ్ళు బకెట్టు అంచు పట్టుకుని లేస్తారు, అది బోల్తా పడుతుంది. ఒక చేత్తో పోసుకుంటూ రెండో చేత్తోనే రుద్దుకోవాలి. చెయ్యి పడిపోయినవాళ్ళకు అది స్నానం కాదు, శిక్ష. నిలవ నీళ్ళ తొట్టి ఉన్నచోట దోమ ఉంటుంది. డెంగ్యూ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా వారం పది రోజులే, అందుకే వారానికోసారి తొట్టి ఖాళీ చేసి గోడలు తోమి ఆరబెట్టాలి. అన్నిటికన్నా భయపెట్టేది బకెట్టులో వేలాడదీసే హీటర్ రాడ్డు. స్విచ్చి ఆపకుండా నీళ్ళలో వేలుపెట్టి వేడి చూసే అలవాటు ప్రాణాలు తీసింది, తీస్తూనే ఉంది. బాత్రూం పగలగొట్టి కడుతున్నప్పుడు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి పెట్టించుకుంటే లీకైన కరెంటు మనిషిని పట్టుకునేలోగా సరఫరా తెగుతుంది. టైల్స్ రకం తగ్గించుకునైనా ఇది పెట్టించాలి.

మూడింటినీ ఇట్లా పక్కపక్కన పెట్టాక నాకు కనబడేది ఇది. టబ్బులో నిలవ ఉంది, ధార లేదు. షవరులో ధార ఉంది, నిలవ లేదు. చెంబు స్నానంలో నిలవా ఉంది, ఆ నిలవను ధారగా మార్చే చెయ్యీ ఉంది. అరిగిపోయేది ఆ చెయ్యే, ఆ నడుమే, ఆ మోకాళ్ళే. కాబట్టి బాగుచేయవలసింది అక్కడ. హ్యాండ్ షవరు ఈ కొరతను తీరుస్తుంది. గొట్టానికి తగిలించిన చెంబు అనుకోండి. కూర్చున్నవాళ్ళ ఒళ్ళోకి వస్తుంది, జుట్టు తడపకుండా మెడ కింది నుంచి పోసుకోనిస్తుంది, తలంటు రోజున జుట్టు పాయల్లోకి దూరుతుంది, మంచాన పడ్డ మనిషికి ఇంకొకరు స్నానం చేయించేటప్పుడు ఒక చెయ్యి ఖాళీగా ఉంచుతుంది. చేతిని కిందికి దించితే ట్యాంకుకూ షవరు తలకూ మధ్య ఎత్తు పెరుగుతుంది, కొంత ఒత్తిడీ కలిసొస్తుంది. గోడ షవరుకు ఇవేవీ సాధ్యం కావు. అంత సుగుణాల వస్తువును క్యాటలాగులో చివరి పేజీలో, అదనపు సామాను కింద వేస్తారు. కంపెనీవాళ్ళకు దానిమీద మిగిలేది తక్కువ కాబోలు.

సంగం వైపు, కాలవ కింద నీళ్ళ భయం లేని ఇంట్లో నేనైతే గోడ షవరును వద్దనను. చిన్న తలతో, దాని పక్కనే హ్యాండ్ షవరుతో, కింద బకెట్టు కొళాయితో పెట్టుకోవచ్చు. ఈ మూడూ ఒకే అమరికలో వచ్చే త్రీ ఇన్ వన్ వాల్ మిక్సర్లు ఆత్మకూరు శానిటరీ షాపులో కూడా దొరుకుతాయి. కొత్తగా కట్టేవాళ్ళు "స్టైలు కాదు" అని కింది కొళాయి మానేయడం చూస్తుంటాం. బోరు మోటారు కాలిపోయి ట్యాంకరు నీళ్ళు తెప్పించుకున్న మొదటి రోజే ఆ స్టైలు సంగతి తేలుతుంది. 2021 నవంబరు వరదల్లో పెన్న ఒడ్డు పల్లెలకు ఊరినిండా నీళ్ళుండి కొళాయిలో చుక్క రాని రోజులూ తెలుసు. ఉదయగిరి వైపు ఇంటికి నా సలహా ఇంకా కటువుగా ఉంటుంది. గోడలో షవరు గొట్టం వేసి మూత బిగించి వదిలేయండి, సోమశిల నీళ్ళు ఎప్పటికైనా ఇంటిదాకా వస్తే విప్పుకోవచ్చు. ఇప్పటికి బకెట్టు కొళాయి, హ్యాండ్ షవరు చాలు. తొట్టి కట్టించుకుంటే మూత ఉండేట్టు, అడుగున నీళ్ళు వదిలే బిరడా ఉండేట్టు కట్టించుకోండి. టబ్బు మాట రెండు చోట్లా వద్దు. డాక్టరు చెబితే ప్లాస్టిక్ కటిస్నానపు తొట్టి కొనుక్కుంటే సరిపోతుంది.

ఇక మేస్త్రికి ముందే చెప్పవలసినవి. బకెట్టు కొళాయి ముక్కు నేలకు రెండడుగుల పైచిలుకు ఎత్తులో ఉండాలి, పెద్ద బకెట్టు వంచకుండా కిందికి జరగాలి. హ్యాండ్ షవరు కొక్కెం నిలబడ్డవాళ్ళ భుజమంత ఎత్తున ఒకటి, కూర్చున్నవాళ్ళకు అందేట్టు ఇంకొకటి. స్నానం చేసే మూల అడుగున్నర ఎత్తు సిమెంటు అరుగు కట్టి గరుకు రాయి పరిస్తే ప్లాస్టిక్ స్టూలు జారే బాధ తప్పుతుంది. అరుగు పక్కన, కమోడు పక్కన పట్టుకోవడానికి స్టీలు కడ్డీలు గోడలోకి దిగేట్టు బిగించాలి. టైల్ మీద అంటించేవి మనిషి బరువు ఆపవు. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల పడిపోయిన మనిషి లోపలికి తెరిచే తలుపుకు అడ్డంగా పడితే సాయానికి వచ్చినవాళ్ళు బయటే నిలబడిపోతారు. నేల వాటం అడుగుకు పావు అంగుళం చొప్పున ట్రాపు వైపు ఉండాలి, ట్రాపు మీద కుంకుడు పిప్పి, వెంట్రుకలు ఆపే జల్లెడ చేత్తో తీసేట్టుండాలి. వాటర్ ప్రూఫింగ్ పూత ఆరాక ట్రాపు మూసి బెత్తెడు నీళ్ళు కట్టించి రెండు రోజులు వదిలేయండి. టైల్స్ మేస్త్రి రోజుకూలీ పోతుందని తొందరపెడతాడు, మీరు కదలవద్దు. కింది గది పైకప్పులోనూ పక్కగోడ అడుగునా చెమ్మ రాలేదని చేత్తో తాకి చూసుకున్నాకే టైల్స్ పెట్టెలు విప్పించండి.